సముద్రం ఎటేపుంది?

మా మేనల్లుడికి వీసా వచ్చింది. న్యూజిలాండ్, అదీ వెల్లింగ్టనే. పోయిన ఆదివారం పెదవాల్తేరులో మా ఇంటికి వచ్చి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోన్‌లో రాసుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాడు. అద్దె ఎంత ఉంటుంది, ఎలాంటి జాకెట్ కొనాలి, కుక్కర్ పట్టుకెళ్ళాలా వద్దా. నేను అక్కణ్ణుంచి వచ్చేసి పదేళ్ళు దాటింది. ఇప్పటి అద్దెల సంగతి నాకేం తెలుస్తుంది?

"ముందు ఇది గుర్తుపెట్టుకో. అక్కడ ఎండ ఉత్తరం నుంచి వస్తుంది" అన్నాను.

వాడు నవ్వేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాడు. వాడి తప్పేం లేదు. 2003లో నాకెవరైనా ఆ మాట చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

విశాఖలో పుట్టినవాళ్ళకి దిక్కులు ఎవరూ నేర్పరు. సముద్రం ఉన్న వైపు తూర్పు, సింహాచలం కొండ ఉన్న వైపు పడమర, అంతే. మ్యాపు తీసి చూస్తే మన తీరం ఏటవాలుగా ఉంటుంది, సముద్రం నిజానికి ఆగ్నేయానికి ఉంటుంది. ఆ లెక్క ఎవరికి కావాలి? పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది కాబట్టి అది తూర్పు. జగదాంబ జంక్షన్‌లో నా కళ్ళకి గంతలు కట్టి మూడుసార్లు తిప్పి వదిలినా, సాయంత్రం పూట ఒంటికి తగిలే గాలిని బట్టి బీచ్ ఎటో చెప్పేస్తానని నాకు నమ్మకం.

మా నాన్నకి ఆ నమ్మకం ఇంకా ఎక్కువ. ఆయన పోర్టులో టగ్గు మీద సరంగుగా చేశారు. బయట ఆగిన ఓడల్ని లోపలికి తెచ్చి బెర్తుకి చేర్చే పని. పదో తరగతి దాటి చదవలేదు కానీ గాలి మారితే పడక్కుర్చీలోంచి కళ్ళు తెరవకుండానే చెప్పేవారు. 1933లో పోర్టు తెరిచిన కథ, రెండు పాత ఓడల్ని ముంచి అలలకి అడ్డుగా వేసిన కథ మా ఇంట్లో రామాయణంతో సమానం. "లోపలికొచ్చేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కొండ ఎప్పుడూ ఎడం చేతేపుండాలి" అనేవారు, మేమేదో రేపు ఓడ నడపబోతున్నట్టు.

ఆ ఏడాది మాఘంలో నా పెళ్ళయింది. మిట్టమధ్యాహ్నం పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, అరుంధతిని చూడమన్నారు. ఎండలో కళ్ళు చికిలించి "కనబడింది" అన్నాను. అందరూ అలాగే అంటారు కదా. మా ఆయనకి వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జూన్ మొదటి వారంలో, చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయే ఉక్కలో కోరమాండల్ ఎక్కి చెన్నై వెళ్ళాం. అక్కణ్ణుంచి సింగపూర్, ఆక్లాండ్.

ఆక్లాండ్‌లో దిగగానే తిండి సామాను అంతా బల్ల మీద పరిచారు. విత్తనం, ఆకు, పాల పదార్థం, మట్టి ఏదైనా సరే, ముందే చెప్పాలి. చెప్పకుండా తీసుకెళ్తే అక్కడికక్కడే జరిమానా. పురుగూ తెగులూ రాకుండా వాళ్ళ పొలాల్ని, అడవుల్ని కాపాడుకోవడానికి అంత పట్టుదల. మా అమ్మ న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టిన కరివేపాకు వెంటనే పోయింది. మాడుగుల హల్వాలో నెయ్యి ఉందని చెప్పేసరికి అదీ పోయింది. ఆవకాయ సీసా దగ్గర ఆ అధికారి ఆగి, టెంక ముక్కని వేలితో చూపించి, "ఇది విత్తనమా?" అని అడిగాడు. లోపలి జీడి తీసేశాం నాయనా, ఇది పై చిప్ప మాత్రమే అని చెప్పాలి. జీడికి ఇంగ్లీషు మాట ఎంత వెతుక్కున్నా దొరకలేదు. చివరికి ఆయనే మూత తీసి వాసన చూసి, రెండుసార్లు తుమ్మి, సీసా నా వైపు తోసేశాడు.

మా ఆయన బూట్ల అడుగున కైలాసగిరి ఎర్రమట్టి ఉంది. వాటిని లోపలికి తీసుకెళ్ళి శుభ్రంగా కడిగి, తుడిచి తెచ్చి ఇచ్చారు. పెళ్ళిలో మా నాన్న ఆయన కాళ్ళు కడిగారు, నాలుగు నెలలు తిరక్కుండా న్యూజిలాండ్ ప్రభుత్వం బూట్లు కడిగింది. ఇంతటి అల్లుడు ఇంకెవరికి దొరుకుతాడని ఆయన చాలా రోజులు చెప్పుకున్నారు.

వెల్లింగ్టన్‌లో రన్‌వేకి ఆ చివరా ఈ చివరా సముద్రమే. విమానం గాలికి ఇటూ అటూ ఊగుతూ దిగుతుంటే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కొండలు, కొండల మీద చెక్క ఇళ్ళు, కింద నీళ్ళు. మన కైలాసగిరి పైనుంచి చూస్తున్నట్టే అనిపించింది. ఇంకేం, మన ఊరిలాంటి ఊరే అనుకున్నాను. ఆ అనుకోవడమే నన్ను ముంచింది.

మూడో రోజు ఫోన్ కార్డు కొని ఇంటికి చేశాను. వెండి పూత గోకితే నంబరు కనిపించే పది డాలర్ల కార్డు. మాకు ఉదయం పదకొండున్నర, వాళ్ళకి తెల్లవారుజాము అయిదు. అమ్మ తిన్నావా, చలిగా ఉందా అని అడిగింది. నాన్న ఫోన్ తీసుకుని అడిగిన మొదటి మాట, "సముద్రం ఎటేపుందమ్మా?"

ఏం చెప్పాలో తెలియలేదు. ఇంట్లోంచి చూస్తే ఎదురుగా ఉంది. బస్సు కొండ దిగి మలుపు తిరిగితే కుడివైపు ఉంది. ఇంకో బస్సెక్కితే వీపు వెనక ఉంది. "అన్ని వైపులా ఉంది నాన్నా" అన్నాను. అటు నుంచి కాసేపు మాట లేదు. "అన్నేపులా ఉంటే మరి తూర్పెటు?" అన్నారు.

ఆ వారంలోనే దారి తప్పాను. ఓరియంటల్ బే అని ఊళ్ళో పేరున్న తీరం ఒకటి ఉంది, మన బీచ్ రోడ్డులా మనుషులు నడవడానికి వెళ్ళే చోటు. పేరులోనే తూర్పు ఉంది, ఎదురుగా నీళ్ళున్నాయి. ఇంకా సందేహం ఏముంది? సముద్రానికి వీపు పెట్టి నడిస్తే పడమర, మా ఇల్లు ఆ వైపే అని లెక్కేసుకుని బయల్దేరాను. గంట నడిచాక క్రికెట్ గ్రౌండ్ ఒకటి వచ్చింది. చుట్టూ కార్లు గుండ్రంగా తిరుగుతున్నాయి. అది బేసిన్ రిజర్వ్ అని తర్వాత తెలిసింది. తేలిందేమంటే, ఓరియంటల్ బే చూసేది ఉత్తరం వైపు. ఆ పేరు దిక్కుని బట్టి వచ్చింది కాదు, 1840లో వలసదారుల్ని తెచ్చిన ఓరియంటల్ అనే ఓడ పేరట. ఈ సంగతి ఫోన్‌లో చెబితే నాన్నకి నేను దారి తప్పిన విషయం వినపడనే లేదు. "ఎన్ని టన్నుల ఓడ?" అని అడిగారు.

లాంబ్టన్ కీ అని పెద్ద బజారు వీధి కూడా అంతే. కీ అంటే ఓడలు ఆగే గట్టు. అక్కడ నిలబడి చూస్తే బట్టల కొట్లూ బ్యాంకులే కానీ చుక్క నీరు లేదు. పేవ్‌మెంట్ మీద ఇత్తడి పలకలు అక్కడక్కడా పొదిగి ఉంటాయి, 1840లో తీరం ఇక్కడిదాకా ఉండేదని. 1855లో వచ్చిన భూకంపానికి నేల పైకి లేచిందట, ఆ తర్వాత మనుషులూ కొంత పూడ్చుకుంటూ పోయారట. సముద్రాన్నే పక్కకి జరిపిన ఊళ్ళో నేను దిక్కులు వెతుక్కుంటున్నాను.

అసలు సంగతి ఇల్లు వెతికేటప్పుడు తెలిసింది. ఏజెంటు ప్రతి ఇంటి దగ్గరా ఉత్తరం, ఉత్తరం అని ఒకటే ఊదరగొట్టేది. హాలు ఉత్తరానికి, కిటికీలు ఉత్తరానికి. మనలాగే వీళ్ళకీ వాస్తు పట్టింపు ఉందేమో అని ముచ్చటపడ్డాను. చివరికి మా జీతానికి దొరికింది కొండకి దక్షిణం వాలులో, దక్షిణం గుమ్మంతో ఉన్న చెక్క ఇల్లు. జూన్, జూలై నెలల్లో ఆ ఇంట్లోకి ఎండ అన్నది అడుగుపెట్టలేదు. సూర్యుడు ఉత్తరాన, కొండ వెనక, బద్ధకంగా ఇంతెత్తు లేచి, సాయంత్రం అయిదింటికల్లా దిగిపోయేవాడు. కిటికీ అద్దాలకి లోపలివైపు నీరు పట్టేది. రోజూ పొద్దున్నే పాత తువ్వాలుతో తుడిచి పిండడం నా మొదటి ఉద్యోగం. బయట పన్నెండు డిగ్రీలుంటే లోపలా పన్నెండే. చలిదేశం అంటే ఇళ్ళు వెచ్చగా ఉంటాయని ఎవరు చెప్పారో కానీ, ఆ ఇల్లు కట్టినవాళ్ళకి మాత్రం చెప్పలేదు. వేణ్ణీళ్ళ రబ్బరు సంచి ఒకటి కొనుక్కుని పొట్ట మీద పెట్టుకుని వంట చేసేదాన్ని.

దక్షిణం గుమ్మం అనేసరికి అమ్మ ఫోన్‌లో నోరు కొట్టుకుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి నా పేరు మీద మొక్కుకుంది. నాన్న మాత్రం పోర్టులో ఓడలకి దారి చూపించే, తనకి తెలిసిన పైలట్ గారి దగ్గరికి వెళ్ళి, అట్లాసు తెరిపించి, పాఠం చెప్పించుకుని వచ్చారు. వచ్చి నాకు చెప్పారు: "మనం ఉత్తరానికి పదిహేడు డిగ్రీల మీదున్నాం. నువ్వు దక్షిణానికి నలభై ఒకటి మీదున్నావు. మనక్కూడా ఎండాకాలంలో కొన్నాళ్ళు మధ్యాహ్నం పూట సూర్యుడు నెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వాలతాడు, నువ్వెప్పుడూ చూసుకోలేదంతే. అక్కడ ఏడాదంతా అంతే. దక్షిణం గుమ్మమంటే అక్కడ నీడేపు గుమ్మం. మీ అమ్మకి నేను చెప్తాన్లే." ఏం చెప్పారో తెలియదు కానీ మొక్కు మాత్రం తీరలేదు.

గాలి గురించి చెప్పకపోతే వెల్లింగ్టన్ గురించి చెప్పినట్టు కాదు. రెండు ద్వీపాల మధ్య జలసంధిలోంచి గాలి దూరి వస్తుంది. మొదటి నెలలో మూడు గొడుగులు పోయాయి, తర్వాత గొడుగు అనే వస్తువునే మర్చిపోయాను. అక్కడ ఉత్తరపు గాలి వెచ్చన, దక్షిణపు గాలి వస్తే ఎముకలు కొరుకుతుంది. దాని దారిలో మంచుఖండం దాకా నేల లేదు. మలయమారుతం దక్షిణం నుంచే కదా వస్తుంది మన కావ్యాల్లో! మన కవులెవరినైనా ఒక్క జూలై నెల మా డాబా మీద నిలబెట్టి ఉంటే ఆ మాట మళ్ళీ రాసేవారు కాదు.

మనుషులు మాత్రం వెచ్చన. బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు. నేను మొదట్లో సిగ్గుపడి, తర్వాత అలవాటు పడి, సెలవులకి వచ్చినప్పుడు 28 నంబరు బస్సులో కూడా చెప్పాను. కండక్టరు చిల్లర కోసం అనుకుని టికెట్ వెనక చూశాడు. వాళ్ళ ఇంగ్లీషు ఇంకో పరీక్ష. పెన్ అంటే పిన్‌లా, టెన్ అంటే టిన్‌లా వినిపిస్తుంది. కొట్లో ఆ అమ్మాయి ఏదో 'చిక్' అంటుంటే కోడి మాంసం గురించి అనుకుని నేను శాకాహారినని చెప్పాను. పాపం, తను అడిగింది చెక్కు ఇస్తారా అని. సూపర్ మార్కెట్‌కి పెద్ద పెద్ద మనుషులు చెప్పులు లేకుండా వచ్చేవారు. గుడిలోకీ ఇంట్లోకీ తప్ప ఎక్కడికీ చెప్పులు విప్పని మనకి అదొక వింత. ఏదో మొక్కేమోనని మా ఆయన జోకు.

పక్కింటి పెద్దావిడ ఒకరోజు "రేపు టీకి రండి" అంది. టీయే కదా అని ఇంట్లో అయిదింటికే అన్నం తినేసి, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని ఆరింటికి వెళ్ళాం. బల్ల నిండా భోజనం. అక్కడ చాలామందికి టీ అంటే రాత్రి భోజనమని ఎవరు చెప్పాలి మాకు? శాకాహారులమని ఆవిడ ప్రత్యేకంగా గుమ్మడికాయ కాల్చి, బంగాళాదుంపలు కాల్చి, మా ముందు పెట్టింది. రెండో భోజనం చేశాం. ఆవిడకి క్రికెట్ పిచ్చి. మా ఊరి పేరు పలకడం రెండేళ్ళు ప్రయత్నించి వదిలేసింది. 2005 ఏప్రిల్‌లో మన ఊళ్ళో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు కదా, ఆ తర్వాత పేపరు ముక్క కత్తిరించి తెచ్చి మా తలుపు కొట్టింది. విశాఖపట్నం అన్న పేరు కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. "ఇదేనా మీది?" అంది. ఆ ముక్క ఇప్పటికీ నా పాస్‌పోర్టు కవర్లో ఉంది.

న్యూటౌన్‌లో ఒక గుజరాతీ కుటుంబం కొట్టు ఉండేది. గుజరాతీలు అక్కడ మూడు తరాలుగా పళ్ళూ కూరగాయల కొట్లు నడుపుతున్నారు. ఆ కొట్లో బామ్మ నాకు ఎండు కరివేపాకు అమ్ముతూ, మా ఆక్లాండ్ కరివేపాకు కథ విని, లోపలికి వెళ్ళి కుండీలోని మొక్కనుంచి నాలుగు రెబ్బలు తుంపి తెచ్చి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. ఆ రోజు చారు వాసన రావడం కోసం కిటికీలు మూసే ఉంచాను.

వినాయక చవితి వచ్చింది. పూజ చేసుకుని, కథ చదివి, అక్షతలు వేసుకున్నాం. సాయంత్రం బట్టలు తియ్యడానికి వెనక్కి వెళ్ళి, పొరపాటున చంద్రుణ్ణి చూసేశాను. చూడగానే గుండె ఆగినంత పనైంది, నీలాపనిందల భయంతో కాదు. నెలవంక తిరగబడి ఉంది. శుక్లపక్షంలో కుడివైపు వెలగాల్సినవాడు ఎడమవైపు వెలుగుతున్నాడు. తిరగబడ్డ చంద్రుణ్ణి చూస్తే నిందలు మనకొస్తాయా, ఎదుటివాళ్ళకొస్తాయా అని మా ఆయన్ని అడిగితే, ఆయన ఆఫీసులో ప్రమోషన్ ఎవరికి వస్తుందో చూసి చెప్తానన్నారు.

అప్పట్నుంచి ఆకాశం చూడటం అలవాటైంది. ధ్రువుడు లేడు. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కనుండే అరుంధతి ఆ ఊళ్ళో అసలు ఉదయించదు. పెళ్ళిలో చూడకుండానే చూశానన్నందుకు శిక్ష అనుకున్నాను. సంక్రాంతి నాడు ఉత్తరాయణం అని ముగ్గు వేస్తే, అక్కడ అది నడి వేసవి, రోజులు కురచబడటం అప్పటికే మొదలైపోయింది. కృత్తికలు మాత్రం ఉన్నాయి. మనకి కార్తీకానికి పేరిచ్చిన ఆ చుక్కలగుంపునే అక్కడి ఆదివాసులు మావోరీలు మతారికి అంటారు, నడి శీతాకాలంలో తెల్లవారుజామున అవి తిరిగి కనిపించడమే వాళ్ళకి కొత్త సంవత్సరం. ఆ మాట తెలిసిన రోజు ఎందుకో కడుపు నిండినట్టయింది.

ఆ వేసవిలో ఒక రాత్రి దాదాపు నడినెత్తిన తెల్లగా మెరిసే చుక్క ఒకటి చూశాను. నాన్నకి చెప్పాను. "అగస్త్యుడమ్మా" అన్నారు వెంటనే. "ఇక్కడ మాఘమాసంలో డాల్ఫిన్స్ నోస్ వైపు, కిందుగా కనబడి దిగిపోతాడు. నీకక్కడ అస్తమించడట, పైలట్ గారు చెప్పారు." తర్వాత ఊరికే కథ మొదలుపెట్టారు. వింధ్యపర్వతం గర్వంతో పెరిగిపోతుంటే అగస్త్యుడు వచ్చాడు, పర్వతం వంగి దణ్ణం పెట్టింది, నేను దక్షిణానికి వెళ్ళి తిరిగొచ్చేవరకూ ఇలాగే ఉండు అన్నాడు... అక్కడికి కార్డులో ఒక్క నిమిషమే మిగిలిందని ఆడ గొంతు చెప్పింది. నాన్న ఆగిపోయారు. "సరేనమ్మా, చలికి చెవులకి గుడ్డ కట్టుకో" అని పెట్టేశారు. కథ చివర ఏమవుతుందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

2006 ఫిబ్రవరిలో బాబు పుట్టేటప్పుడు అమ్మానాన్న వచ్చారు. అప్పటికి మేం ఉత్తరం కిటికీల ఇంటికి మారాం. వచ్చిన మర్నాడు పొద్దున్నే చూస్తే నాన్న పక్క మీద లేరు. వెనక గడ్డిలో నా చీపురు కర్ర పాతి, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకున్నారట. సూర్యుడు కుడిచేతి వైపు ఎక్కాల్సింది ఎడం వైపు ఎక్కుతున్నాడు. అరగంటకోసారి కర్ర నీడ చివర గులకరాయి పెడుతున్నారు. కాఫీ అక్కడికే, టిఫిన్ అక్కడికే. పక్కింటావిడ కంచె మీంచి చూసి నన్ను సైగతో అడిగింది, ఏమైనా పూజా అని. ఔనన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నీడ కురచబడి సరిగ్గా దక్షిణానికి పడింది. రాళ్ళ వరస మన గడియారం ముళ్ళకి ఎదురుగా వెళ్ళింది. నాన్న లేచి, నడుం పట్టుకుని, ఆ వరస కేసి చాలాసేపు చూశారు. "పైలట్ గారు చెప్తే నమ్మాను గానీ..." అని ఊరుకున్నారు. తర్వాత కుర్చీని ఉత్తరానికి తిప్పుకుని వీపు వాల్చారు. అక్కడున్న మూడు నెలలూ ఆ కుర్చీ అలాగే ఉంది.

ఇదంతా మా మేనల్లుడికి చెప్పలేదు. వాడి ప్రశ్నలు అయిపోయాయి, కాఫీ మళ్ళీ వేడి చేసి ఇచ్చాను. వాడు లేచి చెప్పులేసుకుంటుంటే, లోపల పడక్కుర్చీలోంచి, ఎనభై దాటిన సరంగు గొంతు వినిపించింది.

"ఒరే, ఆ ఊళ్ళో సముద్రాన్ని నమ్ముకోకు. అన్నేపులా ఉంటాది. ముందు ఒక కర్ర పాతుకో."

"కర్రేంటి తాతా?" అన్నాడు వాడు. చెప్పులు మళ్ళీ విప్పి లోపలికి వెళ్ళాడు.